ఆవకాయ సీసాలకు ఏ అట్టపెట్టె? ప్లై సంగతి తర్వాత, ముందు కొలత చూడండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. కొన్నేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు తయారుచేసి అమ్ముతున్నాను. మొదట్లో తెలిసినవాళ్లే కొనేవారు. ఇప్పుడు ఫోనులో ఆర్డర్లు తీసుకొని హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలకు కొరియర్‌లో పంపుతున్నాను. అరకిలో గాజు సీసాలు వాడతాను. పచ్చడి నింపాక ఒక్కో సీసా 800 గ్రాములు తూగుతుంది. ఎక్కువ ఆర్డర్లు రెండు సీసాలవి, అప్పుడప్పుడు నాలుగు, పండగలకు ఆరు. అన్నిటికీ 12 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తు ఉన్న ఒకే రకం త్రీ ప్లై (మూడు పొరల అట్ట) పెట్టె వాడుతున్నాను. ఖాళీ జాగాలో పాత పేపర్లు కుక్కుతాను. అయినా సీసాలు పగులుతున్నాయి, నూనె కారి పెట్టెలు తడిసిపోతున్నాయి. పెట్టెల దుకాణం ఆయన ఫైవ్ ప్లై తీసుకోమంటున్నారు, వెయ్యి తీసుకుంటే మా పేరు అచ్చువేసి ఇస్తానంటున్నారు. పెట్టె బరువెక్కితే కొరియర్ ఖర్చు పెరుగుతుందని మా వారి అభ్యంతరం. ఏం చేయమంటారు? కిరాణా కొట్టులో దొరికే పాత పెట్టెలు వాడవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఆ వెయ్యి పెట్టెలకు ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే కొన్నాళ్లు ఆగండి. మీ సీసాలు పగలడానికి అసలు కారణం పెట్టె మరీ పెద్దది కావడం. అదే కొలతలో ఫైవ్ ప్లై కొన్నా సీసాలు పగులుతూనే ఉంటాయి, పైగా ఖర్చు పెరుగుతుంది.

పెట్టె లోపల ఏం జరుగుతోందో చూద్దాం. మీ సీసా కొలత రాయలేదు కనుక మామూలు అరకిలో సీసా కొలతే తీసుకుంటున్నాను: అడ్డంగా 8.5 సెంటీమీటర్లు, ఎత్తు 13. అలాంటివి రెండు మీ పెట్టెలో పెడితే అడుగు భాగంలో నాలుగోవంతు కూడా నిండదు. మిగిలిన జాగాలో ఉండచుట్టిన పేపరు కుక్కినప్పుడు చేతికి గట్టిగానే తగులుతుంది. కానీ లారీలో రాత్రంతా కుదుపులకు ఆ పేపరు అణిగిపోతుంది, అణిగిన పేపరు మళ్లీ పైకి లేవదు. తెల్లవారి గోదాములో దించే వేళకు పేపరంతా ఒక మూలకు చేరి, సీసాలు రెండూ అటూ ఇటూ తిరుగుతుంటాయి. గాజుకు గాజు తగిలితే పగలడానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు.

పైన మిగిలిన ఖాళీ ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. మీ పెట్టె మీద ఇంకొకరి పది కిలోల పెట్టె ఎక్కుతుంది. లోపల ఆసరా లేక మూత కుంగుతుంది, పక్క గోడలు బయటకు ఉబ్బుతాయి, మూలలు నలుగుతాయి. అట్టపెట్టె మోయగల బరువులో సగానికి పైగా మోసేది దాని నాలుగు నిలువు మూలలే. అవి నలిగాక ఆ పెట్టె ఇక దేన్నీ కాపాడలేదు. అదే, సీసాలకు సరిగ్గా సరిపోయే పెట్టె అయితే లోపలి సీసాలు కూడా పై బరువులో కొంత మోస్తాయి. నిటారుగా నిలిచిన గాజు సీసా చాలా బరువు ఆపుతుంది. దానికి పడనిది పక్క దెబ్బ.

మీ వారి భయం సబబైనదే. కానీ మీకు ఖర్చు పెంచుతున్నది అట్ట బరువు కన్నా పెట్టె కొలత. కొరియర్ కంపెనీలు రెండు బరువులు చూస్తాయి. ఒకటి తూకం మీద కనిపించేది. రెండోది పెట్టె బయటి పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, 5000తో భాగిస్తే కిలోల్లో వచ్చేది. దీన్నే వాల్యూమెట్రిక్ బరువు అంటారు. విమానంలో వెళ్లే పార్సిళ్లకు 5000 సర్వసాధారణం. రోడ్డు మీద వెళ్లేవాటికి కంపెనీని బట్టి ఈ అంకె మారుతుంది, మీ రేటు కార్డులో రాసి ఉంటుంది. రెండు బరువుల్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు.

మీ పెట్టె 30.5, 25.4, 20.3 సెంటీమీటర్లు. గుణిస్తే 15,700 పైచిలుకు, అంటే 3.15 కిలోలు. అరకిలో చొప్పున పైకి సవరించే కంపెనీ అయితే మూడున్నర కిలోలకు వసూలు చేస్తుంది. రెండు సీసాలు, పెట్టె, పేపర్లు అన్నీ కలిపినా అసలు తూకం రెండు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. రెండు సీసాల ప్రతి ఆర్డరు మీదా దాదాపు కిలోన్నర గాలికి డబ్బు కడుతున్నారు. ముందు ఆపవలసిన నష్టం ఇదే.

ఇప్పుడు మీ సీసాకు పెట్టె కొలత ఎలా తీయాలో చెబుతాను. సీసాకు అన్ని వైపులా ఒక సెంటీమీటరు మందం వచ్చేలా బబుల్ ర్యాప్ చుట్టండి. 8.5 కాస్తా 10.5 అవుతుంది. రెండు పక్కపక్కన పెడితే 21, మధ్యలో ఒక అట్ట అడ్డుకు కాస్త జాగా. కనుక పొడవు 22, వెడల్పు 11. ఎత్తు 13కు అడుగున 2, పైన 2 సెంటీమీటర్ల మెత్త కలిపితే 17. మీ రెండు సీసాల పెట్టె 22, 11, 17. నాలుగింటికి 22, 22, 17. ఆరింటికి 33, 22, 17. మూడింటికీ ఎత్తు ఒకటే కావడం వల్ల అడుగు మెత్తలు, మధ్య అడ్డులు ఒకే కొలతలో కోసి పెట్టుకోవచ్చు. మీ సీసా నేను అనుకున్నదానికి తేడాగా ఉంటే అంకెలు మార్చుకోండి, పద్ధతి ఇదే.

తయారీదారుకు చెప్పేటప్పుడు ఇవి "లోపలి కొలతలు" అని గట్టిగా చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి. పొడవు, వెడల్పు, ఎత్తు అనే వరుసలోనే రాయండి. చాలా తగాదాలు ఇక్కడే పుడతాయి. ఆయన బయటి కొలత అనుకుంటే త్రీ ప్లైలో అరసెంటీమీటరు పైగా, ఫైవ్ ప్లైలో అంతకు రెట్టింపు లోపల తగ్గిపోతుంది. చుట్టిన సీసా పట్టక, మీరు ర్యాప్ తగ్గించి కుక్కవలసి వస్తుంది.

22, 11, 17 పెట్టెకు బయటి కొలత 23, 12, 18 అనుకున్నా వాల్యూమెట్రిక్ బరువు కిలో లోపే. అంటే ఇక నిజం తూకానికే బిల్లు వస్తుంది. ఇంకో లాభం: ఈ పెట్టెకు పట్టే అట్ట మీ పాత పెట్టెకు పట్టే దానిలో సగం కూడా ఉండదు. మంచి త్రీ ప్లైలో కూడా ఖాళీ పెట్టె 100 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. ఫైవ్ ప్లై వేసినా దానికి మరో 50 గ్రాములో, కొంచెం ఎక్కువో చేరుతుంది. పెట్టె ధర అట్ట బరువును బట్టే ఉంటుంది కనుక, ఇక్కడ మిగిలిన డబ్బుతో మెరుగైన కాగితం కొనవచ్చు.

మధ్య అడ్డుల మాట మరచిపోవద్దు. రెండు సీసాల పెట్టెలో నిలువుగా ఒక అట్టముక్క, నాలుగింటికి ఒకదానిలో ఒకటి దిగే రెండు ముక్కలు. పెట్టె అట్టలోంచే కోయించుకోవచ్చు, ఎత్తు సీసా భుజం దాటితే చాలు. నా ఉద్దేశంలో ప్లై పెంచడం కన్నా ఈ చిన్న ముక్క ఎక్కువ సీసాలను బతికిస్తుంది. ముడతల అట్టకూ సీసాలకూ ఈ బంధం పాతదే. 1871లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ జోన్స్ అనే ఆయన ముడతలు పెట్టిన కాగితానికి పేటెంటు తీసుకున్నది సీసాలు, దీపం చిమ్నీలు పగలకుండా చుట్టడానికే. పెట్టెలుగా మారింది ఆ తర్వాతే.

ఇప్పుడు ప్లై దగ్గరకు వద్దాం. త్రీ ప్లై అంటే బయట ఒక కాగితం, లోపల ఒక కాగితం, మధ్యలో ముడతలది. ఫైవ్ ప్లైలో ముడతల పొరలు రెండు, చదును కాగితాలు మూడు. ఇది పొరల లెక్కే, కాగితం ఎలాంటిదో చెప్పదు. కాగితం సంగతి తెలియాలంటే రెండు అంకెలు అడగాలి. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పేది జీఎస్‌ఎం. ఒత్తిడికి చిరగకుండా ఎంత ఆగుతుందో చెప్పేది బీఎఫ్, అంటే బర్స్టింగ్ ఫ్యాక్టర్. ఈ రెంటినీ గుణించి వెయ్యితో భాగిస్తే ఆ కాగితం చదరపు సెంటీమీటరుకు ఎన్ని కిలోల ఒత్తిడి తట్టుకుంటుందో వస్తుంది. 150 జీఎస్‌ఎం, 20 బీఎఫ్ కాగితమైతే 3 కిలోలు. అట్ట మొత్తానికి లెక్క వేసేటప్పుడు చదును కాగితాల బలం పూర్తిగా, ముడతల కాగితం బలం సగం కలపడం మన దగ్గర వాడుక.

ఆ కాగితంతో చేసిన త్రీ ప్లై బలం 3, 3, ఒకటిన్నర కలిపి ఏడున్నర. ఇప్పుడు 100 జీఎస్‌ఎం, 16 బీఎఫ్ కాగితంతో చేసిన చవక ఫైవ్ ప్లై చూడండి. ఒక్కో కాగితానికి 1.6. మూడు చదును కాగితాలకు 4.8, రెండు ముడతల పొరలకు సగం చొప్పున 1.6, వెరసి 6.4. పొరలు రెండు ఎక్కువున్నా చిరగకుండా నిలిచే బలంలో మంచి త్రీ ప్లై కన్నా తక్కువే. ఫైవ్ ప్లైకి దాని మేలు దానికి ఉంది. మందం ఎక్కువ కనుక దొంతరలో బరువు బాగా మోస్తుంది, దెబ్బను కొంత మింగుతుంది. అయితే "ఫైవ్ ప్లై" అన్న ఒక్క మాట విని డబ్బు కట్టవద్దు. మీ రెండు, నాలుగు సీసాల పెట్టెలకు 150 జీఎస్‌ఎం, 20 బీఎఫ్ త్రీ ప్లై చాలు. ఆరు సీసాలు ఐదు కిలోలు దాటుతాయి కనుక దానికి మాత్రం మంచి కాగితంతోనే ఫైవ్ ప్లై తీసుకోండి. రేపు విదేశాలకు పంపే ఆర్డర్లు వచ్చినా అంతే, ఆ పార్సిల్ ఎన్నో చేతులు మారుతుంది.

దుకాణంలో బంగారు రంగులో మెరిసే అట్ట చూపించి గట్టి సరుకని చెబుతారు. ఆ పసుపు చాలాసార్లు మిల్లులో కలిపిన రంగు. బలం కాగితంలోని పోగుల పొడవులో ఉంటుంది. పాత కాగితాన్ని కరిగించి మళ్లీ తయారుచేసిన ప్రతిసారీ పోగు చిన్నదవుతుంది. ఆ తేడా రంగులో కనపడదు.

జీఎస్‌ఎం మాత్రం ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నమూనా పెట్టెలోంచి సరిగ్గా 25 సెంటీమీటర్లు పొడవు, 20 వెడల్పు ముక్క కోసి, మసాలాలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. వచ్చిన గ్రాములను 20తో గుణిస్తే అట్ట మొత్తం జీఎస్‌ఎం. మూడు కాగితాలూ 150వే అయితే మొత్తం 450 రావాలి కదా అనుకోవద్దు. ముడతల కాగితం మడతలు పడి ఉండటం వల్ల అంతే జాగాకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు పడుతుంది. కనుక ఆ ముక్క 25, 26 గ్రాములు తూగాలి. 20 గ్రాములే తూగితే మీకు అమ్మినది 120 జీఎస్‌ఎం కాగితం. ఆ ముక్కను కాసేపు నీళ్లలో నానబెడితే పొరలు విడిపోతాయి, ఆరబెట్టి విడివిడిగా తూచినా తెలుస్తుంది. బీఎఫ్ ఇంట్లో తేలదు, దానికి యంత్రం కావాలి. పెద్ద ఆర్డరు ఇచ్చే ముందు తయారీదారును పరీక్ష కాగితం అడగండి. 1966లో ముంబైలో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది, ఇలాంటి పరీక్షలు అక్కడ చేస్తారు.

ముడత రకం కూడా చెప్పాలి. మీ సీసాలకు బీ ఫ్లూట్, అంటే దాదాపు 3 మిల్లీమీటర్ల మందం, సరిపోతుంది. 'E' ఫ్లూట్ అనే ఇంకో రకం ఒకటిన్నర మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, చూపుకు నాజూకుగా ఉంటుంది కానీ గాజు సీసాలకు ఒంటరిగా వద్దు. పెట్టె నిలబెట్టినప్పుడు పక్క గోడల్లో ముడతలు కింది నుంచి పైకి నిలువుగా ఉండాలి. అట్ట కోతలో మిగులు కోసం కొందరు అడ్డంగా తిప్పి కోస్తారు, ఆ పెట్టె పై బరువుకు నిలవదు. అంచు వైపు చూస్తే ఇట్టే తెలుస్తుంది.

ఇక నూనె. తడిసిన అట్టకు బలం ఉండదు. మీ పెట్టెలు నలగడానికి ఈ కారడం కూడా కొంత కారణం అయి ఉంటుంది. దీన్ని పెట్టె మార్చి ఆపలేరు, సీసా మూత దగ్గరే ఆపాలి. ప్లాస్టిక్ మూతలైతే లోపల రేకు అతికించే ఇండక్షన్ సీలింగ్ యంత్రం కొనండి. మీ స్థాయికి చేత్తో వాడే చిన్నది చాలు. ఇనుప రేకు మూతల మీద అది పనిచేయదు. సీలు వేసే ముందు సీసా అంచును పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. నూనె జిడ్డు ఉన్న చోట రేకు అతకదు. మూతి దాకా నింపవద్దు, వేలి మందం వదలండి. మే నెల ఎండలో లారీ లోపల నూనె వ్యాకోచించి మూతను తోస్తుంది. కొత్త ఆవకాయ మూడోనాడు తిరగకలిపి, ఊట దిగి నూనె తేరాకే సీసాకెత్తండి. తొందరపడి రెండో రోజే పంపిన సీసా దారిలోనే ఊరుతుంది. ఇన్ని చేశాక కూడా ప్రతి సీసానూ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి మూతి బిగించండి. ఒకటి పగిలినా రెండోదీ, పెట్టే దక్కుతాయి.

ఇవన్నీ అమర్చుకున్నాక, కొనుగోలుదారుకు పంపే ముందు మీరే ఒక పెట్టెను పడేసి చూడండి. ప్యాకేజింగ్ పరీక్షల్లో తేలిక పార్సిళ్లకు వాడే ఎత్తు 76 సెంటీమీటర్లు, మన భోజనాల బల్ల ఎత్తు. సీసాల్లో పచ్చడికి బదులు అంతే బరువు ఉప్పునీళ్లు నింపి, అసలు పార్సిల్‌లాగే కట్టండి. గచ్చు మీద పది సార్లు పడేయాలి: ముందు ఒక మూల మీద, తర్వాత ఆ మూల నుంచి బయలుదేరే మూడు అంచుల మీద, ఆపైన ఆరు ముఖాల మీద. పదీ అయ్యాక విప్పండి. సీసా పగిలితే ఎక్కడ పగిలిందో చూడండి. అడుగున పగిలితే మెత్త పెంచాలి, పక్కన పగిలితే మధ్య అడ్డు పొట్టిదైనట్టు. పగలకపోయినా, పెట్టెను చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపల కదిలిన చప్పుడు వస్తే ఇంకా వదులుగా ఉన్నట్టే. పెట్టె మీద "గాజు, జాగ్రత్త" అని అంటించండి, తప్పులేదు. కానీ కన్వేయర్ బెల్టు ఆ కాగితం చదవదు. ఎటు తిరిగి పడినా తట్టుకునేలా కట్టడం ఒక్కటే దారి.

టేపు విషయం త్వరగా చెప్పేస్తాను. 48 మిల్లీమీటర్ల బ్రౌన్ టేపు, మధ్య గీత మీద ఒకటి, రెండు చివరల అంచుల మీద ఒక్కొక్కటి, అడుగునా పైనా. మధ్యలో ఒక్క చుట్టు చాలదు.

పెట్టెల నిల్వ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీరున్నది గోదావరి ఒడ్డున. అట్ట గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో తేమ 90 శాతం దాకా వెళ్లినప్పుడు అదే పెట్టె మోసే బరువు సగం దాకా పడిపోవచ్చు. పొరలను అతికించేది కూడా పిండి జిగురే, అదీ మెత్తబడుతుంది. జూన్‌లో బాగున్న పెట్టె ఆగస్టులో ఎందుకు నలిగిందో అర్థం కాక తయారీదారుతో గొడవపడేవారు చాలామంది. మడిచిన పెట్టెలను నేల మీద పేర్చకండి. చెక్క మీద, గోడకు జానెడు దూరంలో, ప్లాస్టిక్ షీటు కప్పి ఉంచండి. వంటగదిలో పొయ్యి ఆవిరి తగిలే చోట అసలే వద్దు. వెయ్యి పెట్టెలు ఒకేసారి వద్దనడానికి ఇదీ ఒక కారణం. ఒక వానాకాలం గడిచేలోపు అయిపోయేంతే కొనండి.

కిరాణా కొట్టు పాత పెట్టెలు వద్దనే నా సలహా. ఒకసారి ప్రయాణం చేసిన పెట్టెకు మడతల దగ్గర, మూలల దగ్గర పోగులు విరిగి ఉంటాయి, పైకి కొత్తగా కనిపించినా సరే. సబ్బుల పెట్టె వాసన ఆహారానికి పట్టవచ్చు. పాత బార్‌కోడ్ చింపడం మరిచిపోతే స్కానర్ దాన్ని చదివి మీ పార్సిల్‌ను తప్పుదారి పట్టించే ప్రమాదమూ ఉంది. పొడుల ప్యాకెట్లు ఊళ్లోనే బండి మీద పంపేటప్పుడు వాడుకోండి, అంతకు మించి వద్దు. పాత పేపర్లు సీసా బయట నింపడానికి సరే. తినే పదార్థానికి నేరుగా తగలకూడదు, ముద్రణ సిరా ఆరోగ్యానికి మంచిది కాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ స్పష్టంగా చెప్పింది.

పేరు అచ్చువేయించుకోవాలన్న మీ ఆశ నాకు అర్థమవుతుంది. సొంత పేరున్న పెట్టె చూసుకోవడంలో సంతోషం వేరు. ప్రస్తుతానికి సాదా పెట్టె మీద మంచి స్టిక్కరో, రబ్బరు స్టాంపో వేయండి. కొలతలు ఒక సీజను పాటు నిలిచాక అచ్చువేయించుకోవచ్చు. రేపు సీసా మార్చితే అచ్చువేసిన వెయ్యి పెట్టెలూ వృథా అవుతాయి.

కనుక మీ దుకాణం ఆయనకే, లేదా నేరుగా పెట్టెలు తయారుచేసే యూనిట్‌కు, ఇలా రాసి ఇవ్వండి: రెండు సీసాలది లోపలి కొలత 22, 11, 17 సెంటీమీటర్లు, త్రీ ప్లై, మూడు కాగితాలూ 150 జీఎస్‌ఎం, 20 బీఎఫ్, బీ ఫ్లూట్, ముడతలు నిలువుగా, 100 పెట్టెలు. నాలుగు సీసాలది అదే అట్టలో 50. ఆరింటిది ఫైవ్ ప్లైలో 25, మధ్య అడ్డులతో సహా. తక్కువ సంఖ్య అని ఒక్కో పెట్టెకు కొంత ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. కొరియర్ బిల్లులో మిగిలేది దానికి సరిపోయి ఇంకా ఉంటుంది. సరుకు వచ్చిన రోజున కట్ట మధ్యలోంచి ఒక పెట్టె లాగి, 25, 20 సెంటీమీటర్ల ముక్క కోసి తూచి, లెక్క సరిపోయాకే మిగతా డబ్బు ఇవ్వండి.